నీళ్ళు వెచ్చబడేదాకా

"మీ అక్క పొయ్యిందమ్మా" అన్నారు బావగారు ఫోన్లో.

నేనప్పుడు కువైట్ సిటీలో ఆఫీసులో ఉన్నాను. చేతిలో సగం తాగిన టీ, ఎదురుగా సగం రాసిన మెయిల్. "సరే బావగారూ" అన్నాను. చావు కబురు చెబితే సరే అంటారా ఎవరైనా? నోటికి అదే వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ మెయిల్ పూర్తి చేసి పంపాను కూడా. ఏం రాశానో ఇప్పటికీ తెలియదు. పక్క సీటామె వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా నా కళ్ళు కారుతున్న సంగతే నాకు తెలియలేదు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మాది విజయవాడ, ఆమెది రాజంపేట వైపు పల్లెటూరు. కువైట్ తీరంలోని అబూ హలీఫాలో మా ఫ్లాట్‌కు పై అంతస్తులో ఆమె, బావగారు ఉండేవారు. ఇక్కడొక ఇండియన్ స్కూల్లో డ్రిల్ టీచరుగా చేరి, పిల్లలకు ఈత నేర్పుతూ, ఆ పిల్లల పిల్లలు కూడా వచ్చే వయసుదాకా ఇక్కడే ఉండిపోయింది. ఆమెకంటే పెద్దవాళ్ళు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవారు. ఆమె ఎవరినీ వద్దనలేదు. అధికారం తనదేనన్న విషయంలో ఆమెకు ఎన్నడూ అనుమానం ఉండేది కాదు.

ఆమె ఇక్కడి మా తెలుగువాళ్ళకు చలినీళ్ళలో కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడపడం నేర్పింది. ఈ మాటకు మీరు నవ్వుతారని తెలుసు. కువైట్‌లో చలేమిటని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది. ఇక్కడి ఎండలు చూసినవాళ్ళకు జనవరి సముద్రం సంగతి తెలియదు. పైన ఎండ పండగ చేసుకుంటూ ఉంటుంది, చొక్కా మీదే తిరగొచ్చు. నీళ్ళలో మాత్రం చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ ఎండను నమ్మి టీషర్టులతో నీళ్ళలోకి దిగేవాళ్ళను చూస్తే అక్కకు ఒళ్ళు మండేది.

"గాలి జూసి గుడ్డలు కట్టుకోవాకు. నీళ్లు జూసి కట్టుకో" అనేది. నాకు ఆమె మొదట చెప్పిన పాఠం ఇదే.

మా పరిచయం లిఫ్టులో. నేను కూరగాయల సంచులతో, ఆమె ఒక తెడ్డుతో. తెడ్డు నిలువుగా పట్టుకుంటే పైకప్పుకు తగులుతోంది, అడ్డంగా పట్టుకుంటే నాకు తగులుతోంది. ఆమె దాన్ని అడ్డంగానే పట్టుకుంది.

"ఏం పిల్లా, ఈతొచ్చునా?"

"వచ్చండీ. స్విమ్మింగ్ పూల్లో నేర్చుకున్నా."

"అయితే రాదు. శనివారం పొద్దున కిందికి రా."

రమ్మంది కదా అని వెళ్ళాను. ఆ రోజు నన్ను కయాక్ ముట్టుకోనివ్వలేదు. ఎవరో వాడిన రబ్బరు వెట్‌సూట్ ఒకటి తొడిగించి, పైన లైఫ్ జాకెట్ బిగించి, నడుం లోతు నీళ్ళలో నిలబెట్టి, ముఖం మీద నీళ్ళు కొట్టుకోమంది. కొట్టుకున్నాను. గుండె ఆగిందనుకున్నాను. ఊపిరి లోపలికి పోతోందే తప్ప బయటికి రావడం లేదు. ఒడ్డుకు పరిగెత్తబోతే జాకెట్ పట్టీ పట్టుకుని ఆపేసింది.

"ఊపిరి నీ మాట ఇనేదాకా నిలబడు. నీళ్లల్లో పడంగానే మనిషిని సంపేది మునక గాదు, ఈ ఎగపోత. అది నిమ్మళించినాకనే ఈత. అంతవరకూ నీకు ఈతొచ్చినా రానట్టే."

నిలబడ్డాను. కాసేపటికి ఊపిరి నిజంగానే నా మాట విన్నది. "ఊ, ఇంటికి పో" అంది. అంతే, మొదటి రోజు పాఠం అయిపోయింది. ఇంటికొచ్చి మా ఆయనతో ఆమెకు పిచ్చి అని చెప్పాను. మరుసటి శనివారం ఆయన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్ళాను.

ఆమె ఈత నేర్చుకున్నది వాళ్ళ చేలోని దిగుడుబావిలో. వాళ్ళ నాన్న ఆమె వీపుకు మునగబెండు కట్టి బావిలోకి తోసేవాడట. లైఫ్ జాకెట్ వేసుకోవడానికి నామోషీ పడే మగవాళ్ళకు ఆ బావి కథే చెప్పేది. "బెండు ఇప్పేసిన దినం మా నాయన ఏడిసినాడు. కూతురు మునుగుతాదని గాదు, ఇంక తనతో పని లేదని. నేను మాత్రం మళ్లా కట్టుకున్నా సూడు. ఇంతకాలం ఈదినదాన్ని నాకే సిగ్గు లేదు, నీకెందుకు నాయనా?" ఈ మాట తర్వాత ఎంత పెద్ద ఇంజినీరైనా చేతులెత్తి జాకెట్ తొడిగించుకునేవాడు.

ఆ కయాక్‌లు ఆమెకు ఊరికే దక్కినవి. స్కూల్లో ఆమెతో పనిచేసిన ఒక విదేశీ టీచరమ్మ, ఏదో మంచుదేశం మనిషి, ఈ విద్య ఆమెకు నేర్పి, దేశం విడిచి వెళ్ళేటప్పుడు పడవలు కూడా వదిలి వెళ్ళింది. ఆవిడ నేర్పినదాన్ని అక్క తన కడప మాటల్లోకి దించుకుంది. నూలు బట్టలు తడిస్తే ఒంట్లో వేడి లాగేస్తాయి, ఉన్ని తడిసినా కొంత కాపాడుతుంది అని చెప్పడానికి ఆమె వాడే మాట, "నూలు గుడ్డ ఎండాకాలం సుట్టం, సలికాలం పగోడు." జీన్స్‌తో వచ్చినవాళ్ళను వెనక్కి పంపేసేది. ఒకసారి హైదరాబాద్ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన దంపతులు కాటన్ బట్టల్లో ఫోటోలు దిగుదామని సరదాపడి వస్తే, ఇసుకలో కూర్చోబెట్టి ఫోటోలు తానే తీసి పంపించింది. వాళ్ళు చాలా నొచ్చుకున్నారు. తీసుకొచ్చిన మా స్నేహితులు చాలా కాలం ఆమెతో మాట్లాడలేదు. దానికి ఆమె ఇసుమంత కూడా బాధపడలేదు.

ఆమె దేవత అని నేను చెప్పబోవడం లేదు. మొండి. ఎదుటివాళ్ళ మాట సగంలోనే తుంచేసేది. మా ఇంటికొస్తే వంటింట్లోకి వెళ్ళి నా పోపులపెట్టె తన పద్ధతిలో సర్దేది. కానీ నీళ్ళ దగ్గర ఆ మొండితనమే మాకు గొడుగు.

పొద్దున్నే తీరానికి రాగానే ఆమె సముద్రం వైపు చూసేది కాదు, వెనక్కి తిరిగి రోడ్డు పక్క ఖర్జూర చెట్లను చూసేది. మాది తూర్పు తీరం. మట్టలు సముద్రం వైపు వంగి ఊగుతున్నాయంటే పడమటి గాలి. అది ఒడ్డు దగ్గర నీళ్ళను తాంబాళంలా నున్నగా ఉంచుతుంది, చూసి ముచ్చటపడి వెళ్ళినవాళ్ళను మెల్లగా లోపలికి తోసేస్తుంది. "ఈరోజు ఖలాస్, ఇండ్లకు పోండి" అనేది. అంత దూరం నుంచి వచ్చామే అని గొణిగితే, "సముద్రం యాడికీ పోదు. నువ్వు పోతావు" అనేది.

ఇక బావగారు. ఏదో కంపెనీలో స్టోర్స్ చూసేవారు. ఆయనకు నీళ్ళంటే భయం, ఆ భయాన్ని దాచుకోవాలన్న ఆలోచన కూడా లేని మనిషి. ఒక్కనాడూ పాదం తడవనివ్వలేదు. మేం నీళ్ళ మీద ఉన్నంతసేపూ మడత కుర్చీ వేసుకుని ఫ్లాస్కుతో ఒడ్డున కూర్చునేవారు. ఫ్లాస్కులో అల్లం, మిరియాలు, బెల్లం వేసి కాచిన నీళ్ళు. కారులో గొర్రె ఉన్ని కంబళ్ళు. అక్క లెక్కలో ఆయనదే పెద్ద ఉద్యోగం. "ఒడ్డున మనకోసం సూసేవాళ్లు ఒకరుండాల. సూసేవాళ్లు లేకుంటే నీళ్లల్లోకి దిగాకు" అనేది. ఆయన చూపు ఆమె పడవ మీదనుంచి పక్కకు పోగా నేను చూడలేదు. ఎవరైనా పలకరిస్తే కూడా సముద్రం వైపే చూస్తూ బదులిచ్చేవారు.

మొదట్లో మేం శనివారాలు వెళ్ళేవాళ్ళం. అది శుక్రవారానికి ఎందుకు మారిందో చెప్పాలి, ఎందుకంటే మా ఆయన ఇవాళ బతికి ఉన్నది ఆమె వల్ల.

మేం చేరిన కొంతకాలానికి మా ఆయన శనివారం ఉపవాసం మొదలుపెట్టారు. అక్క వాళ్ళ వైపు దాన్నే ఒక్కపొద్దు అంటారు. సాయంత్రం వెంకటేశ్వరస్వామికి దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టరు. అక్క ప్రతివారం అందరినీ ముందు అడిగే ప్రశ్న, జాకెట్ సంగతి కాదు, బట్టల సంగతి కాదు, "తిన్యావా?" అని. వేసవిలో ఆయన లేదంటే ఒడ్డున కూర్చోబెట్టేసేది. ఆ జనవరి శనివారం ఆయన తెలివి ఉపయోగించారు. "ఆ, తిన్నానక్కా" అన్నారు. నేను కాస్త అవతల నా జాకెట్ పట్టీలతో కుస్తీ పడుతున్నాను, వినలేదు. విని ఉంటే ఆ కుస్తీ ఆయనతో పట్టేదాన్ని.

ఎండ బాగుంది, గాలి లేదు. ఒక మోటారు పడవ రేపిన అలకు ఆయన కయాక్ బోర్లాపడింది. అక్క పక్కనే ఉండి మళ్ళీ ఎక్కించింది. ఆయన నవ్వారు, మేమందరం నవ్వాం. ఒడ్డు వెంబడే వెనక్కి బయల్దేరాం. దారిలో అక్క ఒక్కొక్కరినీ పేరుపేరునా పలకరిస్తూ వస్తోంది. అది ఆమె అలవాటు. మాటాడే మనిషి బాగున్నట్టు.

"ఏం నాయనా, మీది యా ఊరు?" అంది ఆయనతో.

"విజ..." అని ఆయన ఆగిపోయారు. నాలుక మందం కట్టింది. తాగినవాడిలా ఒక నవ్వు నవ్వారు. తెడ్డు చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. దాన్ని అందుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

"యల్లా, పదండి, అందరూ ఒడ్డుకు!" అని అక్క కేక వేసింది. తన నడుముకున్న తాడు ఆయన కయాక్‌కు తగిలించి లాగడం మొదలుపెట్టింది. ఆ వయసులో ఆ బలం ఎక్కడిదో! బావగారు అప్పటికే కంబళ్ళు పట్టుకుని నీళ్ళ అంచుకు వచ్చి నిలబడ్డారు. తడి బట్టలు తీసేసి, కంబళిలో చుట్టి, కింద ఇంకో కంబళి పరిచి పడుకోబెట్టారు. నేను ఏడుస్తూ ఆయన పాదాలు రుద్దబోతే అక్క నా చెయ్యి మీద ఒక్కటి వేసింది.

"రుద్దాకు! కాళ్లల్లోని సల్లనెత్తురు గుండెకు పోతాది. ముందు గుండె పక్క ఎచ్చబెట్టాల. పో, కంబళిలో దూరి పట్టుకో నీ మొగుణ్ణి."

కువైట్‌లో, పట్టపగలు, సముద్రపుటొడ్డున, ఇంతమంది ముందు! నేను తటపటాయించాను. ఆమె రెండు తువాళ్ళు తెరలా పట్టి నిలబడి, "సిగ్గు తర్వాత పడుదువులే, ముందు మొగుడు ఉండనీ" అంది. దూరాను. ఆయన ఒళ్ళు ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిలా ఉంది. నాకు అసలు భయం వేసింది ఆ చల్లదనానికి కాదు. ఆయన వణకడం లేదు.

కాసేపటికి ఆయన కళ్ళు తిప్పి చూశారు. ఒక పక్క నుంచి వణుకు మొదలైంది. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. అక్క ఇసుకలో చతికిలబడింది. "వణుకొచ్చింది. ఇంక బతికినాం" అంది. ఆయన మింగగలడని చూసుకుని బావగారు ఫ్లాస్కు మూతలో బెల్లం నీళ్ళు పోసి నోటి దగ్గర పెట్టారు. ఈయన మూతి తిప్పుకున్నారు.

"ఈరోజు... శనివారం... కదా" అన్నారు.

అప్పుడు తెలిసింది అందరికీ, రాత్రి నుంచీ ఆ కడుపులో ఏమీ లేదని.

"ఎంకటేశ్వర సామికి నేను జెప్పుకుంటా. నువ్వు తాగు" అంది అక్క. ఆ గొంతుకు ఎదురు చెప్పే ధైర్యం ఆయనకు మామూలప్పుడే లేదు. తాగారు. ఆస్పత్రికి తీసుకువెళితే వాళ్ళు చూసి, సమయానికి ఒడ్డు చేరాడన్నారు.

తిడుతుందేమోనని మా ఆయన రెండు రోజులు మెట్ల మీదుగా తప్పించుకు తిరిగారు. అక్క తిట్టలేదు. మా ఇంటికొచ్చి, నా పోపులపెట్టె సర్దుతూ చెప్పింది. "భక్తి తప్పు గాదు నాయనా. కానీ ఖాళీ కడుపును సలి ముందు కనిపెడతాది. పొయ్యిలో కట్టె లేకుండా వంట యాడవుతాది?" వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "మనోళ్లల్లో సగంమంది శనివారం ఒక్కపొద్దు ఉంటారు. ఆ పొద్దు నీళ్లల్లోకి పిల్చడం నాదే బుద్ధితక్కువ. ఇంక శుక్రవారం పోదాం" అంది. ఆ మాటతో మా వారం మారిపోయింది. మామా అని పిలిచే యజమానురాలి దగ్గర శుక్రవారం సెలవు దొరికే కడప అమ్మాయిలు ఇద్దరు, ఇళ్ళలో పనిచేసేవాళ్ళు, అలాగే మాతో చేరారు. దేవుడి కోసం సముద్రాన్ని ఒకరోజు ముందుకు జరిపిన మనిషి అని మేం ఆమెను ఏడిపించేవాళ్ళం.

పోయిన వేసవి చివర్లో ఆమెకు కడుపులో జబ్బు బయటపడింది. వైద్యం మొదలైంది. అంత గట్టి మనిషి చూస్తుండగానే కరిగిపోయింది. శుక్రవారాలు నాకు అప్పగించింది. నాకంటే బాగా తెడ్డు వేసేవాళ్ళు ఉన్నారు. నన్నే ఎందుకని అడిగితే, "నీకు భయముండాది. భయమున్నోళ్లే మందిని వెనక్కి తెస్తారు" అంది. పొగడ్తో తిట్టో తెలియక నవ్వాను.

ఈ జనవరిలో ఒకరోజు రమ్మని కబురు చేసింది. కిటికీ పక్క సోఫాలో కూర్చుని ఉంది. రెండు స్వెట్టర్లు, ఉన్ని టోపీ, కాళ్ళ మీద కంబళి. అయినా చలే. ఒంట్లో వేడి పుట్టడమే ఆగిపోయినట్టుంది. ఎదురు బిల్డింగుల మధ్య నుంచి సముద్రం సన్నగా కనిపిస్తోంది.

"పిల్లా, ఒక్కసారి నన్ను నీళ్లమీదికి తీసకపో" అంది.

నేను ఆమె కాళ్ళ మీద కంబళి సర్దాను.

"దూరం వద్దు. ఇద్దరు కూసునేది ఉండాది గదా. ముందు సీట్లో ఊరికే కూసుంటా. తెడ్డు నువ్వే ఎయ్యి."

ఆమె నన్ను ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ చెప్పడమే తప్ప అడిగింది లేదు. గాలి లేని రోజు చూసుకుని, వెట్‌సూట్ మీద వెట్‌సూట్ వేసి, నాలుగు తెడ్లు వేసి తీసుకొచ్చేస్తే? నా మనసు ఎన్ని దారులు వెతికిందో చెప్పలేను. కానీ ప్రతి దారి చివరా ఆమె మాటే అడ్డం నిలబడింది. పడనులే అనుకుని దిగాకు, పడితే ఏమైతాదో జూసుకుని దిగు. కయాక్ బోర్లాపడితే? పిడికెడు ఎముకలు, నెత్తురు లేని ఒళ్ళు, ఆ నీళ్ళు.

"పొద్దున ఏం తిన్నావక్కా?" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగింది. వంటింటి గుమ్మంలోంచి బావగారే చెప్పారు. "రెండు స్పూన్లు గంజి. అదీ నిలబళ్లేదు."

"ఇప్పుడు కాదక్కా. నీళ్ళు వెచ్చబడనీ. ఏప్రిల్‌లో నేనే తీసుకెళతాను."

"ఏప్రిల్ దాకా యాడుంటా పిల్లా" అంది. ఏడుస్తూ కాదు, కోపంగానూ కాదు. గాలి ఎటుందో చెప్పినట్టు చెప్పింది.

ఏం చెయ్యమంటారు నన్ను? మీరైతే ఏం చేసేవారు? నేను వంగి ఆమె చెయ్యి పట్టుకుని, "వద్దక్కా" అన్నాను. "పో. నాకు నిద్దరొస్తాంది" అని చెయ్యి విడిపించుకుంది.

బావగారు లిఫ్టు దాకా వచ్చారు. "నన్నడిగింటే నేనూ వద్దనేవాణ్ణే. నిన్నడిగింది కాబట్టి బాధ నీకొచ్చె" అన్నారు. లిఫ్టు వచ్చి, తలుపులు తెరుచుకుని, మళ్ళీ మూసుకుపోయింది. ఇద్దరం అక్కడే నిలబడి ఉన్నాం.

ఆ తర్వాతి శుక్రవారం పొద్దున నేను పడవలు మళ్ళీ పైకి పెట్టిస్తుంటే ఫోన్ మోగింది. "పడమటి గాలి లేస్తాండాది. మట్టలు జూసినావా? ఈరోజు దిగాకండి" అంది. గొంతు బలహీనంగా ఉంది కానీ అదే గొంతు. చూశానక్కా, వెళ్ళిపొమ్మని చెబుతున్నాను అన్నాను. ఫోన్ పెట్టేస్తుందనుకుంటే పెట్టలేదు.

"ఆ దినం నువ్వు జెప్పిండేది సరే. నీ జాగాలో నేనుండినా అదే జెప్పుంటా."

"అక్కా..."

"అయినా అడగాలనిపించె పిల్లా."

ఇదే ఆమె నాతో నిండుగా మాట్లాడిన చివరి మాట. ఫిబ్రవరిలో, సముద్రం ఇంకా చల్లగా ఉండగానే, ఆస్పత్రిలో వెళ్ళిపోయింది.

ఊరికి పంపే కాగితాలు తయారయ్యేలోపు మార్చురీలో ఆమెను చూడటానికి వెళ్ళాం. అక్కడ చలి. చలినుంచి మనుషుల్ని ఎలా కాపాడాలో బతుకంతా చెప్పినామెను ఆ గదిలో వదిలి రావడం నావల్ల కాలేదు. కంబళి కప్పుతానని అడిగాను. అక్కడి మనిషి మలయాళీ, మంచివాడు, నా ముఖం చూసి కాసేపు కప్పనిచ్చాడు. మళ్ళీ తీసేయాల్సి వచ్చింది. బావగారు ఆ కంబళి మడిచి చంకలో పెట్టుకుని బయటికి నడిచారు.

నువ్వు చేసింది సరైనదేనని అందరూ అంటారు. మా ఆయనా అంటారు, ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరు? నాకూ తెలుసు. ఆమె కూడా చెప్పింది కదా. సరైన పని చేసినవాళ్ళకు నిద్ర పడుతుందని ఎవరన్నారో గానీ, నాకు పట్టడం లేదు. ఆమె నాకు చాలా ఇచ్చింది. నా ఇంటి మనిషిని నాకు తిరిగి ఇచ్చింది. తిరిగి ఒక్కటి అడిగింది. అది ఇవ్వకూడదని కూడా ఆమే నేర్పింది. ఈ లెక్క నాకు తేలదు. తేలుతుందన్న ఆశ కూడా లేదు. కృతజ్ఞత అనే మాట నాకు ఇప్పుడు ఇంత బరువుగా ఉంది.

ఏప్రిల్ చివర్లో బావగారు ఊరినుంచి వచ్చారు. ఇక్కడ ఉండే అనుమతి కాగితం ఇఖామాను రద్దు చేయించుకుని, ఫ్లాట్ ఖాళీ చేసి, శాశ్వతంగా వెళ్ళిపోవడానికి. ఆమె బట్టలు కడప అమ్మాయిలకు ఇచ్చారు. కయాక్‌లు మాకే ఉంచమన్నారు. గురువారం సాయంత్రం మా ఇంటికొచ్చి, టీ ఇస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నారు.

"రేపు నన్ను నీళ్లమీదికి తీసకపోతావా అమ్మా?" అన్నారు.

మా ఆయన నావైపు చూశారు. పాదం కూడా తడవనివ్వని మనిషి. "తీసుకెళతాను బావగారూ" అన్నాను.

శుక్రవారం పొద్దున గాలి లేదు. మట్టలు కదలడం లేదు. మా ఆయన ఒడ్డున నిలబడ్డారు. నేను బావగారికి లైఫ్ జాకెట్ తొడిగాను, పట్టీలు బిగించాను, రెండు వేళ్ళు దూర్చి చూసుకున్నాను. ఆయన చిన్నపిల్లాడిలా చేతులెత్తి నిలబడ్డారు. నీళ్ళలో అడుగు పెట్టినప్పుడు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఇద్దరు కూర్చునే కయాక్‌లో ముందు సీట్లో కూర్చోబెట్టి నేను వెనక ఎక్కాను. వేళ్ళు తెల్లబడేలా రెండు అంచులూ పట్టుకుని కూర్చున్నారు. వెనక్కి వెళదామా అని అడిగాను. వద్దని తల ఊపారు.

ఒడ్డు వెంబడి మెల్లగా నడిపాను. అక్క ఎప్పుడూ వెళ్ళే దారే. కొంతదూరం వెళ్ళాక ఆయన కుడిచెయ్యి అంచును వదిలింది. మెల్లగా కిందికి దించి నీళ్ళలో పెట్టారు. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు దాకా.

"ఎచ్చగుండాయమ్మా" అన్నారు. "నీళ్లు ఎచ్చగుండాయి."

వెనక నుంచి నాకు ఆయన వీపు, జాకెట్ పైన కదులుతున్న భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. నేను తెడ్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాను. పడవ తనంతట తనే కొంచెం ముందుకు జారి ఆగిపోయింది. ఆయన చెయ్యి తీయలేదు. చేతి గడియారం విప్పలేదని కూడా చూసుకోలేదు. అది నీళ్ళ కింద మెరుస్తూ ఉంది.